రెండు కళ్లకూ అద్దుకున్నాడు

ఒక అబద్ధం ఏళ్ల తరబడి నా గుండెల మీద కూర్చుని ఉంది. పెద్దదేమీ కాదు, రెండు ముక్కలు. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో మా ఆవిడకు కూడా. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. పేరు మాత్రం అడగకండి. అంత ధైర్యమే ఉంటే ఈ మాట ఎప్పుడో మా వీధిలో నిలబడి చెప్పేవాణ్ని.

మాది కరీంనగర్ దిక్కు చేనేత ఊరు. చేనేత అంటున్నాను గానీ చేతి మగ్గాలు ఎప్పుడో పోయాయి. ఇప్పుడన్నీ సాంచాలే, కరెంటుతో నడిచే మగ్గాలు. ఎలక్షన్లు వస్తే అన్ని పార్టీల కండువాలూ మా దగ్గరే తయారవుతాయి. ఒక సాంచా మీద ఒక పార్టీ బట్ట, పక్క సాంచా మీద దాని పగవాళ్ల బట్ట. నేసేవాడికి ఆ పట్టింపు ఉండదు. నాకు ఉండేది. నేను ఒక పార్టీ మనిషిని, ఊళ్లో ఆ పార్టీ నేతపనివాళ్లకు పెద్దను. మా ఢిల్లీ నాయకుణ్ని ఎవరైనా ఒక్క మాటంటే చాయ్ గ్లాసు కింద పెట్టి కొట్లాటకు దిగేవాణ్ని. ఆయన ఏం చేసినా దానికో కారణం నా దగ్గర తయారుగా ఉండేది. ధరలు పెరిగితే ఒక కారణం, మాట తప్పితే ఇంకో కారణం. ఆయన పెట్టుకున్న వకీళ్లు కూడా అంత కష్టపడి ఉండరు.

రాజేశం నా దోస్తు. వాళ్లది మా పక్క ఇల్లు దాటితే వచ్చే ఇల్లు. సేటు దగ్గర నూలు తెచ్చుకుని సాంచాలు నడిపేవాడు. పార్టీలంటే వాడికి నవ్వు. వాళ్ల బాపు నర్సయ్య కాక మాత్రం మా నాయకుణ్ని దేవుడిలా చూసేవాడు. ఎప్పుడో టీవీలో ఆయన నేతన్నల చేతుల గురించి నాలుగు మంచి మాటలు చెప్పాడు. కాక ఆ మాటల దగ్గరే ఆగిపోయాడు. వీధి మొత్తంలో చేతి మగ్గం మిగిలింది ఆయన ఇంట్లోనే. నాయకుడు కరీంనగర్ సభకు వస్తున్నాడని తెలిసి, మోకాళ్లు వంగకపోయినా మగ్గం గుంటలోకి దిగి, వానాకాలమంతా కూర్చుని ఒక శాలువా నేశాడు. తెల్లటి నూలు, అంచులో పత్తికాయలు. అంచుకు మన పార్టీ రంగు వేద్దామని నేనంటే ఒప్పుకోలేదు. మనిషికి ఇస్తున్నాను గానీ జెండాకు కాదన్నాడు.

మా వీధిలో ఒక పద్ధతి ఉంది. మగ్గం మీంచి కోసిన బట్టను నేసినవాడు ముందు కళ్లకు అద్దుకుంటాడు. తీసుకునేవాడూ అద్దుకుంటాడు. అప్పుడే అది ఇచ్చినట్టు, పుచ్చుకున్నట్టు. కాక ప్రయాణం చేయలేడు. శాలువా రాజేశం చేతికిచ్చి, నన్ను తోడిచ్చి, నాయకుడు దాన్ని కళ్లకు అద్దుకుంటాడో లేదో చూసి రమ్మని ఒక్కటే చెప్పి పంపాడు. ఢిల్లీ మనిషికి మా పద్ధతి ఎలా తెలుస్తుంది? ఆ మాట మా ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు. మంచివాడైతే అద్దుకుంటాడనే మా నమ్మకం.

సభలో స్టేజీ మీద మాకు చోటు దొరకలేదు. వెనక డేరాలోకి పంపారు. నాయకుడు అక్కడే శాలువా అందుకుని ఫొటోకు నిలబడ్డాడు. ఇది ఒక ముసలాయన చేత్తో నేసిందని మా జిల్లా లీడరు హిందీలో చెబితే, బాగుందన్నట్టు తలూపాడు. కుర్చీ మీద వేశాడు. పోనీలే, మా పద్ధతి ఆయనకేం తెలుసు పాపం అనుకున్నాను. మమ్మల్ని బయటకు తీసుకుపోయే మనిషి కోసం డేరా మూలన నిలబడ్డాం. అంతలో ఆయనకు భోజనం వచ్చింది. ఫోన్లో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతూ తిన్నాడు. తినడం అయ్యాక ఎడమ చేత్తో అటూ ఇటూ వెతికి, ఆ శాలువా లాక్కుని చేతులు తుడుచుకున్నాడు. మూతి తుడుచుకున్నాడు. కింద పడేసి, దాని మీంచే నడిచి స్టేజీ మెట్లెక్కాడు.

చూసింది నిజమేనా అని రాజేశం మొహం చూశాను. వాడూ చూశాడు. కోపంతో చేసినా, ఎవరినో అవమానించాలని చేసినా అర్థమయ్యేదేమో. ఆయన మొహంలో కోపం లేదు, ఏమీ లేదు. బయట జనం జేజేలు కొడుతున్నారు. రాజేశం బయటకు వెళ్లిపోయాడు. నేను వంగి శాలువా తీసి సంచిలో కుక్కుకున్నాను. ఎందుకు తీశాను? కాక కష్టం మీద జాలితోనా, ఎవరి కంటా పడకూడదనా? నాకు తేలలేదు. తేలలేదనడం కూడా తప్పించుకోవడమేనేమో.

రాజేశం నాకంటే ముందు బస్సెక్కి ఊరు చేరాడు. అడిగినవాళ్లకల్లా జరిగింది చెప్పాడు. నేను ఇంకా దారిలో ఉండగానే జిల్లా లీడరు ఫోన్ చేశాడు. నీ దోస్తు ఏదో వాగుతున్నాడట, నువ్వే చూసుకోవాలన్నాడు. రిజర్వేషన్లో మా వార్డు ఆడవాళ్లకు వచ్చిందని, మున్సిపాలిటీ టికెట్ మా ఆవిడకేనని కూడా అన్నాడు. బెదిరించలేదు. గుర్తు చేశాడంతే.

నేను వెళ్లేసరికి కాక అరుగు మీద కూర్చుని ఉన్నాడు. వీధిలో సగం మంది అక్కడే ఉన్నారు. గడప దగ్గర నిలబడ్డ రాజేశం మొహం నన్ను చూడగానే తేటపడింది. సాక్షి వచ్చాడనుకున్నాడు.

"నువ్వు చెప్పు కొడుకా," అన్నాడు కాక. "వీడు కోపిష్టోడు. వీని మాట మీద నాకు నమ్మకం లేదు. గాయిన కండ్లకు అద్దుకున్నడా, లేదా?"

"చెప్పురా," అన్నాడు రాజేశం. "నువ్వు గూడ సూసినవ్ గద."

"అద్దుకున్నడు కాకా," అన్నాను. "రెండు కండ్లకు అద్దుకున్నడు."

ఆ రెండు కళ్లన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. ముందుగా అనుకున్నది కాదు. గొంతు తడబడలేదు, చెమట పట్టలేదు. డేరాలో చూసిన దానికంటే నా నోట్లోంచి ఆ మాట అంత నున్నగా రావడమే నన్ను ఎక్కువ హడలగొట్టింది. అప్పుడు ఆ శాలువా నా భుజాన వేలాడుతున్న సంచిలోనే ఉంది.

కాక చేతులు జోడించి సంతోషంతో ఏడ్చాడు. ఆ తర్వాత కొడుకు వైపు తిరిగి, నా నేత మీద అబద్ధమాడినోనితోటి నాకు మాటల్లేవన్నాడు. అన్నట్టే చేశాడు. ఒకే కప్పు కింద ఉన్నారు. కోడలు పెడితే తినేవాడు, కొడుకు పిలిస్తే గోడ వైపు తిరిగేవాడు. రాజేశం నన్ను తిట్టలేదు, కాలర్ పట్టుకోలేదు. తిడితే బాగుండేది.

అక్కడితో ఆగినా ఒక తీరు. ఆగలేదు. ఎదుటి పార్టీ వాళ్లు రాజేశాన్ని తమ స్టేజీ ఎక్కించుకుందామని వచ్చారు. వాడు పొమ్మన్నాడు. అది నాకు తెలుసు, మా కిటికీలోంచి విన్నాను. అయినా వాడు అమ్ముడుపోయాడని చాయ్ హోటల్లో నేనే అన్నాను. సేటు మా పార్టీ మనిషి. నూలు ఇవ్వడం ఆపేశాడు. రాజేశం సాంచాలు తుక్కు కింద అమ్ముకున్నాడు. ఇప్పుడు ఉట్నూర్ దిక్కు సంతల్లో తువ్వాళ్లు అమ్ముతున్నాడు. మా ఆవిడ గెలిచింది. మొదటి వీధి దీపం రాజేశం ఇంటి ముందే వేయించాను. దాంతో లెక్క సరిపోయిందనుకున్నాను. సిగ్గు అనేది ఉండాలి గదా మనిషికి!

ముసలాయన సంతోషం కోసమే ఆ అబద్ధమాడాను అని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. కాక పోయిన రోజు కూడా చెప్పుకున్నాను. కొడుకుతో మాట్లాడకుండానే పోయాడు. ఆ శాలువా తెచ్చి ఆయన మీద కప్పాల్సినవాణ్ని, మా పార్టీ కండువా తెచ్చి కప్పాను. నాయకుడంటే కాకకు ప్రాణం అని నలుగురూ వినేలా అన్నాను. రాజేశం కాస్త పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు.

ఇదంతా ఇలాగే నాతోపాటు మట్టిలో కలిసిపోయేది. కానీ ఈమధ్య నాయకుడు మళ్లీ వచ్చాడు. ఈసారి నేనూ మా ఆవిడా ముందు వరసలో కూర్చున్నాం. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆయన, కిందటిసారి ఈ గడ్డ మీద ఒక ముసలి నేతన్న నాకు శాలువా పంపాడు, దాన్ని రెండు కళ్లకూ అద్దుకున్నాను అన్నాడు. పక్కనున్నాయన తెలుగులో చెప్పాడు. రెండు కళ్లకూ. నా మాటే. కాక అరుగు ముందు నా నోట్లోంచి జారిన మాట, ఊళ్లు తిరిగి, పార్టీ ఆఫీసులు తిరిగి, ఆయన నోట్లోకి చేరింది. జనం చప్పట్లు. జిల్లా లీడరు వేలెత్తి నన్ను చూపించాడు. నేను లేచి నిలబడి దండం పెట్టాను.

ఆయనకు గుర్తుందా? గుర్తుండీ చెప్పాడా? ఎవరో రాసిస్తే నిజంగానే అద్దుకున్నాననుకుంటున్నాడా? ఏది నిజమైనా నాకు వణుకే. ఇన్నాళ్లూ నాయకులు అబద్ధాలు చెబుతారు, మాలాంటి వాళ్లం నమ్మి మోసపోతామనుకున్నాను. ఈ అబద్ధాన్ని నేసింది నేను. ఆయన కప్పుకున్నాడు. ఎదుటి పార్టీలో ఉన్నా నేను ఇంతే చేసేవాణ్నా? చేసేవాణ్నే. ఆ మాట ఒప్పుకోవడానికే నాకు ఇంతకాలం పట్టింది.

ఇందాక పెట్టె తీసి, అప్పటి నుంచి దాచిపెట్టిన శాలువా చూశాను. కూర మరక నల్లబడింది. మడతల దగ్గర నూలు చివికింది. రాజేశం సంత నుంచి వచ్చినట్టున్నాడు, వాళ్ల తలుపు చప్పుడైంది. నాలుగడుగులు వేస్తే వాళ్ల గడప. వెళ్తానని మీకు మాటివ్వలేను. వెళ్లి ఏమని ఇవ్వను? కాక లేడు. క్షమించమని మిమ్మల్ని కూడా అడగడం లేదు, అది మీ చేతుల్లో లేదు. ఒక్కచోటైనా ఉన్నది ఉన్నట్టు చెబితే ఈ పూట ఊపిరాడుతుందని చెబుతున్నాను. నాయకుడు ఆ శాలువా కళ్లకు అద్దుకోలేదు. చేతులు తుడుచుకున్నాడు, మూతి తుడుచుకున్నాడు, కింద పడేశాడు. రాజేశం చెప్పిందే నిజం. నేను చూశాను.