ఆపరేటర్ గొంతు కోసం జగిత్యాల దాకా

కోరుట్ల పోలీసు క్యాంపులో నేను దిగేసరికి మే నెల ఎండ. పాత గోదాం చుట్టూ ఇసుక బస్తాలు, ముళ్ల కంచె. నక్సలైట్ల మందుపాతరల కాలం అది. చీకటి పడ్డాక జీపు కదలొద్దని మొదటి ఆర్డరు. నాది గేటు డ్యూటీ.

వైర్‌లెస్ ఆపరేటర్‌ది సిరిసిల్ల. నేత కుటుంబం. "కంట్రోల్, కోరుట్ల మాట్లాడుతున్న, ఓవర్" అని అతని గొంతు వినిపిస్తే మాకు ధైర్యం.

జూలైలో వాన వెలిసిన ఒక ఉదయం, మెట్‌పల్లి రోడ్డు కల్వర్టు కింద మందుపాతర పేలింది. జీపు డ్రైవర్ అక్కడికక్కడే పోయాడు. పక్కన కూర్చున్న ఆపరేటర్‌కు గీత కూడా పడలేదు. మాట మాత్రం పోయింది.

"లీవు కోసం నాటకాలాడుతుండు" అన్నాడు కమాండర్.

అతన్ని బస్సులో జగిత్యాల తీసుకెళ్లింది నేనే. సిరిసిల్ల నుంచి అతని తల్లి వచ్చి, క్యాంపు దగ్గరే గది తీసుకుని అతనితో ఉంది. గొంతు డాక్టర్ లోపమేమీ లేదని, మనసు డాక్టర్ దగ్గరికి పంపాడు. ఆయన మందులిచ్చి, తన క్లినిక్‌కు వారానికోసారి హైదరాబాద్ నుంచి వచ్చే ఒకావిడకు చీటీ రాశాడు. సంగీతంతో వైద్యం చేస్తుందట. నాకు నవ్వొచ్చింది.

ఆవిడ పాట పాడలేదు. ఇంట్లో ఏం వింటూ పెరిగాడు, ఏ చప్పుడుకు ఉలిక్కిపడుతున్నాడని తల్లిని అడిగింది.

"మగ్గం చప్పుడేనమ్మా. ఇప్పుడు తలుపు కొట్టినా మంచం కింద దూరుతుండు. గిట్ల చేస్తే నా కొడుక్కు మాట అస్తదా?"

"వస్తుందని మాటివ్వలేనమ్మా. ముందు దేనికి కదులుతాడో చూస్తాను. అతను వద్దంటే ఆపేస్తాను."

ఆవిడ తెచ్చిన డప్పు చూడగానే అతను గోడకు జరిగాడు. ఆవిడ దాన్ని బయట పెట్టించింది. హార్మోనియం మీద ఒకే స్వరం, అతను ఊపిరి వదిలినప్పుడల్లా మెల్లగా పలికించింది. మొదటి రోజు అంతే. మూడో వారం అతని గొంతులోంచి సన్నగా "మ్..." అని వచ్చింది. తల్లి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

"రోజూ మీరూ అతనితో కలిసి పలకండి" అందావిడ.

కొంచెం మెరుగని డాక్టర్ క్యాంపుకు రాశాడు. ఆ ఒక్క మాటే కొంప ముంచింది.

"మెరుగైతే డ్యూటీల కూసోమను. మనుషులు తక్కువున్నరు" అన్నాడు కమాండర్.

"మాట రాలేదు సార్. వైద్యం ఇప్పుడే మొదలైంది" అన్నాను.

"చెవులు పనిచేస్తున్నయ్ గదా? మెసేజ్‌లు రాసుకుంటడు. పాటలు వినడానికా సర్కారు జీతమిచ్చేది?"

మరుసటి వారం పొద్దున్నే తల్లి గేటు దగ్గరికొచ్చింది.

"ఇయ్యాల సంగీతమమ్మ అచ్చే దినం సారూ. నా కొడుకును తోలియ్యుండ్రి."

రెండుసార్లు లోపలికి వెళ్లి అడిగాను. రెండుసార్లూ తిట్లే. జగిత్యాల బస్సు వెళ్లిపోయింది.

నెల తిరక్కుండానే, పనికిరాడని అతన్ని ఇంటికి పంపేశారు. అప్పటికి ఆవిడ జగిత్యాల రావడం మానేసింది. చలికాలంలో నాకూ బదిలీ అయింది. ఊళ్లో అందరూ పేలుడు గురించే అడుగుతారు. నా కళ్ల ముందు ఉండేది వేరు. బస్సు వెళ్లిపోయిన ఆ రోజు ఆ తల్లి ముళ్ల కంచె పట్టుకుని, వైర్‌లెస్ గది వైపు తిరిగి, కళ్లు మూసుకుని ఆ స్వరం అందుకుంది. మ్... అని పలికి, ఆగి, వింది. లోపలి నుంచి సెట్టు గరగర ఒక్కటే వస్తోంది. ఆమె మళ్లీ ఊపిరి పీల్చుకుంది.