ఫొటోలో పడకుండా

ఈ సంగతి జరిగినప్పుడు రాయడానికి నాకు అక్షరాలు రావు. ఆ తర్వాతే, తల నెరిసిన వయసులో, మహిళా సంఘం వాళ్లు సాయంత్రాలు చెప్పిన చదువుకు పోయి నేర్చుకున్నాను. వచ్చాక కూడా రాయలేదు. అప్పటికింకా ఆ చేను మా కౌలులోనే ఉంది. రాసింది ఎవరి కంటనైనా పడితే చేను పోతుందని భయం. పోయినేడు మోకాళ్లు మొరాయించి మేమే వదిలేశాం. ఇప్పుడు రాసినా పోయేదేమీ లేదు.

ఐరాల దగ్గర మూడెకరాల ఎర్రనేల. వానలు పడితే వేరుశనగ వేసేవాళ్లం. నేల చిత్తూరు టౌనులో ఉండే ఒక ముసలామెది. ఆమె భర్త మంచాన ఉన్నాడు. ప్రభుత్వం రైతుకు వేసే పెట్టుబడి డబ్బులు పాసుబుక్కులో పేరున్న వాళ్లకే పడతాయి కాబట్టి అవి ఆమెకు పడేవి. కౌలుకు తీసుకున్నప్పుడే అది మాకు తెలుసు, గొడవ పెట్టుకోలేదు. కానీ నేను చెప్పే ఏటికి ముందటేడు పెరికి ఆరబెట్టిన కాయ ముసురుకు చేలోనే మొలకెత్తింది. ఆ నష్టపరిహారం కూడా ఆమె ఖాతాకే పోయింది. విత్తనాలకు తెచ్చిన అప్పు మాకు మిగిలింది. కౌలు కార్డు ఉంటే పరిహారం మాకే వచ్చేదన్నారు. ఆ కార్డుకు ఆమె సంతకం కావాలి.

ఏడాదికొకసారి ఆమె ఆటోలో వచ్చేది. సర్కారు పంట నమోదుకు పాసుబుక్కులో పేరున్న రైతే చేలో నిలబడి ఫొటో దిగాలి కదా. ఆ ఏడు ఆమె వచ్చినప్పుడే అడగాలనుకున్నాను.

"ఇంకొంచెం లోపలికి రామ్మా, చెట్లు కనబడాల," అంది నమోదు చేసే అమ్మాయి.

ముసలామె చెప్పులతోనే సాళ్లలోకి నడిచింది. నేను చెయ్యి పట్టుకున్నాను.

"అక్కా, నువ్వు పక్కకి జరుగు. ఫొటోలో పడతాండావు."

"వదిలితే ఈయమ్మ పడిపోతాదేమో పాపా."

"నేనేం పడను, పోమ్మే," అని ముసలామె నవ్వింది.

జరిగాను. గట్టు మీద నుంచి మా ఆయన అన్నాడు: "ఇంకా జరుగు. నీ నీడ పడినా డబ్బులు రావంట."

ఫొటో అయ్యాక ఆమెను కానుగ చెట్టు నీడలో కూర్చోబెట్టి నీళ్లిచ్చాను. సాళ్ల మధ్య వేసిన అలసందలు నాలుగు కోసి సంచిలో వేస్తూ అడిగాను.

"అమ్మా, కౌలు కార్డుకు ఒక సంతకం పెట్టినావంటే..."

"సంతకం పెడితే నేల పోతాదంట కదమ్మే. మా అల్లుడు మరీమరీ చెప్పినాడు."

"యాడికి పోతాదమ్మా? ఆ కార్డు ఈ పంటకే. ఇన్నేండ్లు చేస్తిమి, గట్టు ఒక జానెడు జరిపినామా?"

"నువ్వు మంచిదానివే, నేనేమన్నా కాదన్నానా? ఆ డబ్బులు ఆయన మందులకే చాలవు. ఈ నేల తప్ప నాకేముండాది చెప్పు." నీళ్ల చెంబు నాకు అందిస్తూ, మెల్లిగా అంది: "నీకు కుదరకపోతే చెప్పమ్మే. పక్క చేనాయన అడగతానే ఉండాడు."

కోపంగా అని ఉంటే ఏదో ఒకటి అనేదాన్ని. సంచి తీసుకుపోయి ఆటోలో పెట్టాను. ఆమె ఎప్పటిలాగే చెయ్యి ఊపింది.

పొద్దు వాలాక ఇంటికి నడుస్తుంటే మా ఆయన అన్నాడు.

"అడిగితివి కదా, కడుపు నిండిందా?"

"నిండింది."

"వదిలేద్దామా చేను?"

"వదిలేసి? ఈ వయసులో ఉపాధి పనికి పోదామా?"

"దానికీ ఫొటో అడగతారు మే."

ఇంకోరోజైతే నవ్వేదాన్ని. ఆ రోజు కాళ్లు ఈడ్చుకుంటూ ఇల్లు చేరాం.

తెల్లవారి చేనికి పోయాను. వాళ్లు నిలబడిన చోట చెట్లు తొక్కిడికి వాలి ఉన్నాయి. కాయ కట్టే ఊడలు మన్నులోకి దిగే రోజులు, అట్లాగే వదిలేస్తే కాయ పట్టదు. కూర్చుని ఒక్కో చెట్టూ లేపి నిలబెట్టి, మొదట్లోకి చేత్తో మన్ను ఎగదోశాను.