షావుకారుగారి పేరున్న కంప్యూటరు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో అమలాపురంలో నేను కంప్యూటర్లు నేర్పేదాన్ని. లినక్స్ కూడా చెప్పేదాన్ని, విండోస్‌లా డబ్బు పెట్టి కొనక్కర్లేదు కాబట్టి. నాకు ఓపిక తక్కువ. "మేడమ్ గారండీ, నెట్‌వర్క్ పనిచెయ్యట్లేదండీ" అని ఎవరైనా ఫోన్ చేస్తే ఒళ్లు మండేది. ముందు నాలుగు తిట్టి, తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని అంతా చెప్పేదాన్ని. తిట్టకుండా చెప్పడం నాకు రాదని నా దగ్గర నేర్చుకున్నవాళ్లందరికీ తెలుసు. అయినా నాకే చేసేవాళ్లు. అందుకు లోపల బోలెడు సంతోషం.

ఒక మధ్యాహ్నం బండారులంక అమ్మాయి ఫోన్ చేసింది. మగ్గం నేసే ఇంటి పిల్ల. నా దగ్గర నేర్చుకుని, అంబాజీపేటలో ఒక కొబ్బరి షావుకారుగారి కొట్లో చేరి నెల కావస్తోంది. వాళ్లింట్లో నెలజీతం ఉద్యోగం అదే మొదటిది. గొంతులో ఏడుపుంది.

"బిల్లులు ప్రింటవ్వట్లేదండీ. లారీలు లోడయిపోయి నించున్నాయండీ. సాయంత్రంలోగా బిల్లులు రాపోతే మళ్లీ చేత్తోనే రాసుకుంటాం, కంప్యూటర్లూ వద్దు, నువ్వూ రానక్కర్లేదు అన్నారండీ షావుకారుగారు."

పొద్దుటినుంచీ ఏం మార్చావని అడిగాను. ప్రింటరు తగిలించి ఉన్న పాత కంప్యూటరు బాగా నెమ్మదించిందట, కొత్తది కొన్నారట. ఈ పిల్ల ప్రింటరు తీసి కొత్తదానికి తగిలించి, పాతదాని పేరే దానికీ పెట్టింది. మిగతా కంప్యూటర్లు ఆ పేరుకే కదా బిల్లులు పంపేది అని. తెలివైన ఆలోచనే.

"పింగ్ అని కొట్టి పక్కన ఆ పేరు కొట్టు. పలుకుతోందా?"

"ఆయ్. పలుకుతోందండీ."

"పలికితే బిల్లెందుకు రాదు? పేరు సరిగ్గా కొట్టావా? ఏం పేరది?"

"అదేనండీ... ఆ పేరేనండీ..." అని నసిగింది.

"ఏమ్మా, నోట్లో ఏమైనా ఉందా? పేరు చెప్పు!"

"షావుకారుగారు ఎదురుగానే కూర్చున్నారండీ," అంది గుసగుసగా.

అప్పుడర్థమైంది. ఆ కంప్యూటర్లు పెట్టిచ్చింది షావుకారుగారి మేనల్లుడని ఈ పిల్ల చేరిన కొత్తలో చెప్పింది. మావయ్యగారి మీద గౌరవంతో అతను పాతదానికి ఆయన పేరే పెట్టాడన్నమాట. అంత పెద్దాయన ముందు, గారు కూడా లేకుండా, ఆ పేరు ఈ పిల్ల నోటంట ఎలా వస్తుంది? కేకలెయ్యబోయి ఆగాను. పెళ్లయి ఇన్నేళ్లయినా మా ఆయన పేరు నేనే పలకను. నేనా ఆ పిల్లని అనేది!

"సరే, పేరొద్దు. జవాబిస్తున్నదాని నంబరు చూడు. నెట్‌వర్క్‌లో కొత్తదానికి నువ్విచ్చిన నంబరేనా?"

"కాదండీ... పాతదాని నంబరండీ."

"పాతది ఆపలేదా?"

"లేదండీ. దసరాకి పసుపూ బొట్టూ పెట్టేం, ఆపొద్దన్నారండీ. మూల బల్ల మీద నడుస్తోందండీ."

నవ్వొచ్చింది. "తాతగారి పేరు మనవడికి పెట్టావు, బాగానే ఉంది. కానీ తాతగారు నిక్షేపంలా ఉన్నారు, పోస్టుమాన్‌కి ఆయన ఇల్లొక్కటే తెలుసు. బిల్లులన్నీ ఆయనకే పోతున్నాయి. ఏ పేరు ఏ నంబరుదో ప్రతి కంప్యూటర్లోనూ ఒక ఫైల్లో ఉంటుందని క్లాసులో గొంతు చించుకున్నాను. అన్నిట్లోనూ ఆ పేరుకి కొత్త నంబరు వెయ్యి. పాతదానికి వేరే పేరు పెట్టు."

కీబోర్డు టకటకలు చాలాసేపు వినిపించాయి. తర్వాత ప్రింటరు గరగర.

"వచ్చేసిందండీ!" ఏడుస్తూ నవ్వింది. నా కళ్లూ తడిశాయి. "పాతదానికేం పేరు పెట్టమంటారండీ?"

నేను చెప్పేలోగా ఫోన్ చేతులు మారింది.

"నమస్కారమండీ మేడమ్ గారూ. మీ కేకలు నాకూ వినపడ్డాయండీ. ఇందాకట్నించీ గొడవంతా నా పేరు గురించేనాండీ?"

అవునన్నాను, కాస్త బెరుగ్గా.

"నన్ను పేరుతో పిలిచేవాళ్లెవరూ మిగల్లేదండీ. ఆ పెట్టెల్లోనైనా పిలుచుకోనివ్వండి." తర్వాత ఫోన్ పక్కకి పెట్టి అనడం వినిపించింది. "పాతదానికి నీ పేరే పెట్టుకోమ్మా. రేపట్నించీ రెండూ నువ్వు చూసుకునేవేగా. ఇంతకీ నీ పేరేంటి?"

ఇన్నాళ్లూ ఆయన అడగనేలేదన్నమాట. ఆ అమ్మాయి చెప్పింది, ఈసారి గట్టిగా, అమలాపురంలో ఉన్న నాక్కూడా వినపడేలా.