నాయన మంచం కింద బొగ్గుల మూట

మంచాన పడిన మనిషి గదిలోంచి పుండు వాసన వస్తుంటే, మీరు ఏ గడప దగ్గర ఆగిపోతారు?

మా చిన్నప్పుడు... ఆళ్లగడ్డ బడిలో రసాయనశాస్త్రం చెప్పే సుశీల మేడం ఒకరోజు అమ్మోనియా వాయువు నింపిన సీసా మూత తీసి, వరసగా మా అందరికీ వాసన చూపించారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ సీసాలో కొబ్బరిచిప్ప బొగ్గు వేసి, మూత బిగించి, బాగా ఊపి మళ్లీ తీశారు. ఘాటు లేదు...

బొగ్గు నిండా కంటికి కనపడని రంధ్రాలుంటాయట. వాటి గోడలకు వాసన అంటుకుపోతుందట. ఈ పిడికెడు బొగ్గు లోపలి గోడలన్నీ విప్పి పరిస్తే మన బడి మైదానం నిండుతుందన్నారు.

వెనక బెంచీలో ఒకడు నన్ను చూపించి, "వీళ్లింటికి రెండు బస్తాలు గావాల మేడం" అన్నాడు. క్లాసంతా నవ్వింది.

మా నాయనకు షుగరు. పొలంలో కాలికి తగిలిన దెబ్బ పుండై కుళ్లింది. నంద్యాలలో చూపించినా మానలేదు. వాసనకు జడిసి చుట్టాలు వీధిలోంచే పలకరించి పోయేవాళ్లు. ప్రార్థనకు వచ్చేవాళ్లూ మానేశారు. నాయన పొద్దంతా వాకిలి వైపే చూసేవాడు.

మేడం నవ్వలేదు. మిగిలిన బొగ్గు చేతిగుడ్డలో కట్టి ఇచ్చారు. "మంచం కింద పెట్టప్పా. రంధ్రాలు నిండితే ఇంక వాసన పట్టదు. పెనం మీద వేడి చేస్తే మళ్లీ పట్టుకుంటాది."

అమ్మ నమ్మలేదు, అయినా పెట్టింది. రోజూ సాయంత్రం వేరుశనగ బుడ్డలు వేయించినట్టు ఆ బొగ్గు వేయించేది... మెల్లగా కంపు తగ్గింది. ముందు పసిగట్టింది నాయనే.

"వాసన పోయింది గదరా... మనుషులేంది ఇంకా రాలే?"

నేను ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. వస్తాంలే అన్నారు. ఆదివారం మేడం ఒక్కరే వచ్చారు. స్టూలు మంచం దగ్గరికి లాక్కుని, నాయనతో శనగ పైరు సంగతులు మాట్లాడి పోయారు. ఆ శనగ కోతకు రాకముందే నాయన పోయాడు. శవం దగ్గరికి మాత్రం వీధి వీధంతా వచ్చింది.

బైబిల్లో, సమాధి తెరిస్తే కంపు కొడుతుందని చనిపోయినవాడి అక్కే అడ్డుపడినా, ప్రభువు ఆగలేదు, రాయి తీయించాడు. ఆ వాక్యం చదివినప్పుడల్లా నాకు మేడం లాక్కున్న స్టూలు చప్పుడే వినపడుతుంది.

ఇప్పుడు మా అబ్బాయిదీ అదే పాఠం. సూక్ష్మరంధ్రాలంటే ఏమిటో గడగడా అప్పజెప్తాడు... సీసా వాసన మాత్రం ఎప్పుడూ చూడలేదట.

అన్నా, అక్కా... మీ వీధిలోనూ ఎవరో ఒకరు వాకిలి వైపు చూస్తూ పడుకుని ఉంటారు. మీ జ్ఞాపకాలు కామెంట్లలో తర్వాత రాద్దురుగాని. ఆదివారం దాకా ఆగొద్దు. ఫోను పక్కన పెట్టి ఈ రోజే, ఇప్పుడే లేచి వెళ్లండి. గడప దాటండి. స్టూలు దగ్గరికి లాక్కోండి.