నాలుగో రోజు గుడ్డు

ఇన్షిరాహ్ చేతిసంచీలో స్కానింగు చీటీ పదకొండు రోజులుగా మడత విప్పకుండా ఉంది. గర్భానికి ఎనిమిదో వారం నడుస్తోంది. అంతకుముందు రెండుసార్లూ ఇదే వారంలో డాక్టరమ్మ తెరవైపు చూసి, చాలాసేపు నోరు మెదపక, చివరికి "గుండె కొట్టుకోవడం లేదమ్మా" అంది. ఆ మాట మూడోసారి వినే ధైర్యం లేక ఇన్షిరాహ్ రోజుకో సాకు వెతుక్కుంటోంది. ఆ రోజు సాకు పదకొండో తరగతి పాఠం: పిండం ఎలా ఎదుగుతుంది.

బిర్మా అనే ఊళ్లోని ఆడపిల్లల హైస్కూల్లో ఆమె పద్నాలుగేళ్లుగా జీవశాస్త్రం చెబుతోంది. పుట్టింది మాత్రం గుడ్లు పొదిగించేవాళ్ల ఇంట్లో. మట్టి ఇటుకల గదుల్లో వేల గుడ్లు పరిచి, వెచ్చగా ఉంచి, వేళకి తిప్పే పని వాళ్ల నాన్న షిహాతాది. ఆయన గుడ్డుని మూసిన కనురెప్పకి ఆనించి వేడి చెబుతాడు. తంతా పట్నంలో కాలేజీ చదివి వస్తూ ఇన్షిరాహ్ ఓ థర్మామీటరు తెస్తే, దాన్ని గోడకి మేకుతో బిగించి, దానికి టోపీ తగిలించుకున్నాడు.

బడిలో మైక్రోస్కోపు పాడై రెండేళ్లయింది. గోడమీది పటం వెలిసిపోయింది. అందుకే నాన్నని గుడ్లడిగింది.

"నా గుడ్లు బడికెళ్లి ఏం ఉద్యోగం చేస్తాయే?"

"చూపించి తెచ్చేస్తాను బాబా."

"నీ చేతికిచ్చేదే లేదు. నేనే తెస్తా."

అలా ఆయన నాలుగు రోజులు పొదిగిన పన్నెండు గుడ్లని దుప్పట్లో చుట్టి, బుట్ట పొట్టకి కరుచుకుని తరగతిలోకొచ్చాడు. కిటికీలకి నల్లగుడ్డ కట్టారు. ఆయన మొదటి గుడ్డుని రెప్పకి ఆనించగానే పిల్లలు కిసుక్కుమన్నారు.

"తాతా, గుడ్డుతో కాటుక పెట్టుకుంటున్నావా?" అంది షురూక్.

"లోపల నీలాంటి వాగుడుకాయ ఉందేమో కనుక్కుంటున్నానే!"

అట్టకి చేసిన కన్నం మీద గుడ్డు పెట్టి కింద టార్చి వేశారు. పెంకు నారింజ రంగులో వెలిగింది. లోపల ఎర్రటి దారాలు సాలీడు కాళ్లలా నలుదిక్కులా పాకి ఉన్నాయి. వాటి నడుమ ఆవగింజంత చుక్క. అది కొట్టుకుంటోంది.

నవ్వులు ఆగిపోయాయి. షురూక్ కూడా ముందుకి వంగి చూసింది.

"దానికి మొదలుపెట్టమని ఎవరు చెప్పారు అబ్లా?" వెనక బెంచీలోంచి రిహామ్ టీచరుని మెల్లగా అడిగింది.

పరీక్షలో రాసే జవాబు ఇన్షిరాహ్ నోటికి వచ్చు. "ఎవరూ చెప్పరు. మెదడు నుంచి నరం ఇంకా అక్కడిదాకా రాలేదు. కణాలు పక్కపక్కన చేరతాయి. ఒకటి తనంతట తనే అదురుతుంది, పక్కది అందుకుంటుంది. ఇక ఆగదు." పద్నాలుగేళ్లుగా చెబుతున్న మాటే. ఈసారి చెబుతూ తనే గుడ్డుమీదికి వంగింది. ఈకలు లేవు, ముక్కు లేదు, అయినా ఆ చుక్క పనిలో దిగింది. చేపకైనా మనిషికైనా మొదలు ఇంతే.

ఏడో గుడ్డు ఖాళీగా వెలిగింది. దారాల్లేవు, చుక్క లేదు.

"చచ్చిపోయిందా?" అడిగింది ఓ పిల్ల.

"మొదలే కాలేదమ్మా," అన్నాడు షిహాతా.

"కోడి తప్పా?"

"ఎవరి తప్పూ కాదు. అదే కోడి పెట్టినవి మిగతావి మొదలయ్యాయిగా." ఆయన దాన్ని పక్కన పెట్టి ఎనిమిదోది తీశాడు. "చూస్తేగానీ తెలీదు. ప్రతిసారీ నాకూ చెయ్యి వణుకుద్ది."

"ఇన్నేళ్లయినా?"

"యాభై ఏళ్లయినా."

ఇన్షిరాహ్ ఆ చేతివైపు చూసింది. నిజమే, వణుకుతోంది. అయినా గుడ్డు వెలుతురు మీదికి వెళ్లింది.

బడి గేటు దగ్గర ఆమె చీటీ తీసి నాన్న చేతిలో పెట్టింది. ఆయన చదివాడు, బుట్ట సర్దుకున్నాడు. "పద, నేనూ వస్తా. వీటికింకా వెచ్చగానే ఉంది."

స్కానింగు గదిలో డాక్టరమ్మ ఎప్పట్లాగే మాట్లాడలేదు. అంతకుముందు రెండుసార్లూ ఇన్షిరాహ్ ఆమె ముఖమే చూస్తూ పడుకుంది. ఈసారి, "తెర నావైపు తిప్పండి," అంది.

బూడిద రంగు మసక. అందులో చిక్కుడుగింజంత నీడ. నీడ మధ్య ఒక చుక్క, మినుకు మినుకుమంటూ.

"అదిగో," అంది ఇన్షిరాహ్, డాక్టరమ్మ నోరు తెరిచేలోగా.

బయట బెంచీ మీద షిహాతా బుట్ట ఒళ్లో పెట్టుకుని, ఓ గుడ్డు కనురెప్పకి ఆనించి కూర్చున్నాడు. అడుగుల చప్పుడు విని రెండో కన్ను తెరిచాడు.

"కొట్టుకుంటోంది, బాబా."

ఆయన గుడ్డుని దుప్పట్లో పెట్టబోయాడు. చెయ్యి వణికి, రెండో చెయ్యి సాయం పట్టాల్సి వచ్చింది.