పట్టుపోగు తెగని కర్ర

మొన్న కదిరి సంతలో మేదరివాళ్లు తట్టలు, చేటలు, నిచ్చెనలు పెట్టుకుని కూర్చున్న చోట నా కాళ్లు ఆగిపోయాయి. ఒక మూల సన్న వెదుర్లు కట్టగట్టి గోడకు ఆనించి ఉన్నాయి. కొనాలని కాదు, చెయ్యి ఊరుకోలేదు. ఒకటి లాగి, మొదలు పట్టుకుని గాలిలో చిన్నగా ఆడించాను. సుయ్యిమని సన్నటి చప్పుడు వచ్చింది. ఆడించడం ఆపాక కూడా కొసన పుట్టిన వణుకు కర్ర పొడవునా దిగివచ్చి నా అరచేతిలో ఆగింది. అక్కడ కూర్చున్న మేదరామె నన్ను చూసి, "ఏం పెద్దాయనా, కట్టె కొంటావా, దాని నాడి చూస్తాండావా?" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ వణుకును చేత్తో వినడం నాకు నేర్పిన మనిషి గుర్తొచ్చింది. ఆమె పేరు ఓబుళమ్మ. ధర్మవరంలో నాలుగు పట్టుమగ్గాలకు యజమానురాలు.

ఆమెను మీరు చూసి ఉండరు. పొడవాటి మనిషి, నల్లటి మనిషి. ఎప్పుడూ నోట్లో ఆకు వక్క. భర్త చిన్నవయసులోనే పోతే, మగ్గాలు అమ్మేయమని బంధువులంతా చెప్పినా వినకుండా తానే మగ్గం గుంతలో దిగి కూర్చుందట. ఆమె నోటికి వీధంతా జంకేది. ఆ నోటికీ ఆ చేతికీ సంబంధమే లేదు. వాకిట్లో ఎవరితోనో పోట్లాడుతూనే మగ్గం మీద పరిచి ఉన్న పడుగుపై అరచెయ్యి ఆనించేది. వేల పోగులు. కళ్లు వాకిలి వైపే ఉండేవి. పోట్లాట ఆపకుండానే వేలితో ఒక్క పోగును పైకెత్తి, "ఇది వదులైంది, సరిచెయ్యి" అనేది. నేను వంగి, కళ్లు చిట్లించి, వెలుతురుకు పెట్టి చూస్తే నిజంగానే ఆ ఒక్క పోగే వదులుగా ఉండేది. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఇప్పటికీ తలుచుకుంటే అంతే.

నేను పట్టుమగ్గానికి పుట్టినవాణ్ణి కాదు. మాది ముదిగుబ్బ దగ్గర పల్లె, గొర్రెలు కాసుకునే కురుబలం. డెబ్బైల్లో వరసగా వానలు ఎగ్గొట్టిన కాలంలో మా మంద సగం ఎముకలైపోయింది, మిగతా సగం కసాయి దారి పట్టింది. మా నాయన ఖాళీ దొడ్డి ముందు కూర్చుని, నీకు కంబళి నేయడం వచ్చు కదా, ధర్మవరం పోయి మగ్గం పట్టుకో అన్నాడు. నేతంటే అంతా ఒకటే అనుకున్నాం ఇద్దరమూ. కొత్తగా పెళ్లయిన నా భార్యను వెంటబెట్టుకుని వచ్చి ఓబుళమ్మ వాకిట్లో నిలబడ్డాను. అప్పుడు నాకు ఇరవై దాటాయంతే.

కంబళి ఉన్నికి బలం కావాలి. ఎంత గట్టిగా లాగితే, ఎంత గట్టిగా కొడితే అంత మంచి కంబళి. ఆ చేతులతోనే పట్టు దగ్గర కూర్చున్నాను. అడ్డపోగును మోసే నాడె విసిరితే పేక పోగు తెగేది. దాన్ని అతకబోతే పక్కన పడుగు పోగు తెగేది. తెగిన పోగులు అతకడంలోనే పొద్దు గూకేది. చీర బెత్తెడు కూడా నడిచేది కాదు. ఓబుళమ్మ వెనకాల నిలబడి చూసి, గొర్రె కాలు పట్టి ఈడ్చినట్టు ఈడుస్తున్నావేమప్పా అనేది. మిగతా నేతగాళ్లు నవ్వేవాళ్లు. మెల్లగా చేద్దామని ఎంత బిగబట్టుకుంటే చేతులు అంత బిగుసుకునేవి. ఇంటికి పోయి నా భార్య ముఖం చూడడానికి కష్టంగా ఉండేది. ఈ పని పోతే మాకు మిగిలింది తాడిపత్రి బండల పని. మా చిన్నాన్న కొడుకు అప్పటికే అక్కడ బండల దుమ్ము పీల్చి దగ్గుతున్నాడు.

అట్లాంటి రోజుల్లో ముసురు పట్టింది. మా సీమలో వాన పడితే ఎగిరి గంతేయనివాడు నేతగాడొక్కడే. గుంత మగ్గంలో చెమ్మ ఊరుతుంది, పోగులు తడి పీల్చుకుంటాయి, నేత ఆగిపోతుంది. అందరూ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని చూరు నీళ్లు చూస్తూ కూర్చుంటారు. ఓబుళమ్మ మాత్రం ముసురు రోజుల్లో గాలం వేయడానికి పోయేది. అది వాళ్ల నాయన దగ్గర నేర్చుకున్న అలవాటట. నీళ్లున్న సంవత్సరాలే తక్కువ కాబట్టి ఆమె గాలం పట్టడం వీధిలో కుర్రకారు చూడనే లేదు. ఆసారి చెరువు నిండి మరవ మీంచి నీళ్లు పొర్లుతున్నాయని వినగానే ఆమె నన్ను పిలిచి, ముందు చెప్పవలసింది చెప్పేసింది.

"చూడప్పా బీరప్పా, దాపరికమెందుకు. ముసురు ఇడిసినాక నేత మొదలైతాది. అప్పుడూ పోగులు ఇట్లే తెగితే మగ్గం ఇంకొకనికిస్తా. తాడిపత్రిలో బండలు కొట్టేకి నీ చెయ్యి బాగుంటాది. ఇప్పుడు నాతో రా, కట్టె తెచ్చుకుందాం."

మేదరివాళ్ల వీధికి తీసుకుపోయింది. చూరు కింద వెదుర్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. నీకు నచ్చిన కట్టె తీసుకోమంది. నేను అన్నిటికన్నా లావైనదాన్ని తీశాను. మా వాళ్లు కట్టెను ఎట్లా చూస్తారో అట్లాగే చూశాను. నేలకు పోటు పెట్టి, ఒక కాలు ఎత్తి రెండో మోకాలికి ఆనించి, నా బరువంతా దాని మీద వేసి నిలబడ్డాను. గొర్రెల వెనక పొద్దంతా అట్లా నిలబడే మనిషికి వంగే కట్టె కట్టే కాదు. నాది కాస్త కూడా వంగలేదు. గర్వంగా ఆమె వైపు చూశాను. ఆమె నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుంది.

"నిన్ను మోసే కట్టె కాదప్పా మనకు కావాల్సింది. ఏలెడు చేపను మోసేది."

తర్వాత ఆమె ఎంచడం మొదలుపెట్టింది. పచ్చిగా ఉన్నవి ముందే పక్కకు తోసింది. అవి వంగుతాయి గానీ తిరిగి లేవవట. ముదిరి పసుపు తేలినవీ తోసేసింది, అవి విరుగుతాయట. మిగిలిన వాటిని ఒక్కొక్కటీ చూపుడువేలి మీద అడ్డంగా నిలిపి చూసింది. బరువంతా కొస వైపు లాగేవి పొద్దంతా పట్టుకుంటే మణికట్టును చంపుతాయంది. ఆ తర్వాత కళ్లు మూసుకుని కర్రను ఆడించింది. వంపు కొసన మొదలై, నీళ్లు కాలవలో పారినట్టు నడిమి దాకా వచ్చి, పిడి దగ్గరికి వణుకు మాత్రమే చేరాలి. కొన్ని కర్రల్లో ఆ వణుకు మధ్యలో కణుపు దగ్గరే చచ్చిపోతుందని చెప్పి, నా చేతికిచ్చి పట్టుకోమంది. నాకేమీ తెలియలేదు. అన్నీ ఒకేలా ఉన్నాయి.

చివరికి రెండు మిగిలాయి. ఆమె బొడ్లో దోపుకున్న సంచి తీసి, అందులోంచి ఒక తమలపాకు తీసి, పోగుతో దాని తొడిమెకు ముడివేసి కర్ర కొసన వేలాడదీసింది. ఒక కర్ర కదలలేదు. రెండోది ఆకు బరువుకే సన్నగా తల వంచింది. ఆకు తీసేయగానే మళ్లీ నిటారుగా నిలిచింది. ఆమె ఆ ఆకునే నోట్లో వేసుకుని, ఇదీ కట్టె అంది. తమలపాకుకు వంగే వెదురును నేను చూడటం అదే మొదటిసారి. అదేదో ప్రాణమున్నదానిలా కనిపించింది. నా లావు కర్రను కూడా తెచ్చుకోమంది.

చెరువు కట్ట ఎక్కి చూశాను. అంతకు ముందు అక్కడ నేను చూసింది బీటలు వారిన మట్టి, మేత కోసం మూతులు రాసుకునే మేకలు. ఇప్పుడు అవతలి గట్టు కనిపించనంత నీళ్లు, ఎర్రగా, వాన చినుకులకు ఒళ్లంతా గగుర్పొడుస్తూ. అంచున వేలెడు పరక చేపలు గుంపులుగా తిరుగుతున్నాయి. ఇన్నేళ్లు ఎండిన చెరువులోకి ఇవి ఎక్కడి నుంచి వచ్చాయని అడిగాను. వంక పారితే పై చెరువుల నుంచి వస్తాయని చెప్పి, కాసేపు ఆమె కూడా ఊరికే చూస్తూ నిలబడింది. అంత నోరున్న మనిషి నీళ్ల ముందు గొంతు తగ్గించి మాట్లాడింది.

గాలానికి దారం కొనలేదు ఆమె. మగ్గం దగ్గర మిగిలిన పట్టుపోగునే రెండు కర్రలకూ కట్టింది. వంచిన సూది, నీళ్ల మీద తేలేందుకు జొన్న దంటు బెండు, ఎరకు రాగి సంగటి మెతుకు. మొదట నా లావు కర్ర వేయమంది. బెండు మునగగానే లాగాను. పోగు పుటుక్కున తెగింది, చేప, సూది, బెండు అన్నీ పోయాయి. మళ్లీ కట్టింది. మళ్లీ తెగింది. ఎంత మెల్లగా లాగాలనుకున్నా కర్ర కదిలిందంటే పోగు తెగడమే. మగ్గంలో రోజూ జరిగేదే అక్కడా జరుగుతోంది. సిగ్గుతో చెవులు కాలుతున్నాయి.

ఆమె తన కర్ర వేసింది. బెండు వైపు చూడనే లేదు. నా వైపు తిరిగి ఏదో చెబుతూ, మధ్యలో "ఇది ఎండ్రకాయ, ఊరికే పీకుతాండాది" అంది. తీసి చూపించింది, సూదికి ఎండ్రకాయే వేలాడుతోంది. ఇంకాసేపటికి "ఇప్పుడు పరక ముట్టింది" అని మణికట్టు ఒక్కసారి తిప్పింది. కర్ర కొస విల్లులా వంగింది. చేప అటు లాగితే అటు, ఇటు లాగితే ఇటు పోయింది. ఆ వంపులోనే చేప అలిసిపోయి, వెండి తునకలా మెరుస్తూ ఒడ్డుకు వచ్చింది. నా చేతిలో తెగిన పోగే, అదే కండె నుంచి తీసిన పోగే, తెగలేదు.

"చూసినావా. వంగేది ఏదో ఒకటి ఉండాల బీరప్పా. కట్టె వంగింది కాబట్టి పోగు నిలిచింది. మగ్గంలో కట్టె యాడుంటాది? ఆడ నువ్వే కట్టె."

ఆమె తన కర్రను నా చేతికిచ్చింది. ముసురు ఉన్నన్నాళ్లూ ఆ గట్టు మీదే ఉన్నాను. మొదట్లో ఏమీ తెలియలేదు. తర్వాతెప్పుడో, బెండు ఇంకా కదలకముందే, అరచేతిలో చీమ పాకినట్టు ఏదో తెలిసింది. తిప్పాను. పరక వచ్చింది. కేకేసి ఆమెకు చూపించబోయి, కేక వేస్తే మిగతావి పారిపోతాయని నోరు మూసుకున్నాను. మోచెయ్యి వదులైంది, భుజం వదులైంది. బలం పెట్టకుండా కూడా పని జరుగుతుందన్న సంగతి నా ఒంటికి అప్పుడే మొదటిసారి తెలిసింది.

ముసురు విడిచింది. మగ్గంలో కూర్చున్నాను. నాడె విసిరేటప్పుడు చేతిలో ఆ సన్న వెదురే ఉందనుకున్నాను. ఆ రోజు పోగులు తెగలేదని చెప్పను గానీ, చీర మాత్రం నడిచింది. ఓబుళమ్మ వచ్చి వెనకాల నిలబడింది. బాగుందని అనలేదు. మగ్గం ఇంకొకరికి ఇస్తాననే మాట మళ్లీ ఎత్తలేదు, అంతే. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆమె దగ్గరే నేశాను. పెళ్లి చీరలు నేశాను, నా పిల్లలు ఆ మగ్గాల పక్కనే పెరిగారు. నీ చెయ్యి కుదిరిందిరా అనే ఒక్క మాట కోసం లోపల్లోపల ఎదురు చూస్తూనే ఉన్నాను. ఆమె ఎవరినీ అట్లా పొగిడే మనిషి కాదు. పండగనాడు కూడా, గొర్రెలాయన నేసిన చీరమ్మా ఇది, చూసి కట్టుకోండి అని కొనేవాళ్ల ముందు ఆటపట్టించేది.

ఎనభైల్లో మళ్లీ ఎండలు ముదిరాయి. చెరువు అడుగు కనిపించింది. ఆమె గాలపు కర్ర మగ్గాల ఇంటి దూలానికి వేలాడుతూ ఉండేది. ఆ వేసవిలోనే ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది. వేల పోగుల్లో వదులు పోగును పట్టిన చెయ్యి మంచం మీద ఎవరిదో వస్తువులా పడి ఉండడం చూడలేకపోయాను. ఒక మధ్యాహ్నం నేను పోతే, వంకర పోయిన నోటితో కర్ర తెమ్మంది. దూలం మీంచి దించి, దుమ్ము తుడిచి, ఆమె ఎడమ చేతిలో పిడి పెట్టాను. కొసకు పట్టుపోగు కట్టమంది. కట్టాను. పోగు చివర పట్టుకుని గది అవతలికి పొమ్మంది. అప్పుడు అర్థమైంది నాకు, నన్ను చేపను కమ్మంటోందని.

ఆమె కళ్లు మూసుకుంది. నేను పోగును లాగాను. "ఎండ్రకాయ" అని నవ్వింది. ఇంకొంచెం తేలికగా లాగాను. "గొర్రె" అంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఊపిరి బిగబట్టి, ఆ తర్వాత బిగబట్టడం కూడా మానేసి, పడుగులో వదులు పోగును వెతికేటప్పటిలా వేలి కొసను ఆనించాను. తాకానో లేదో నాకే తెలియలేదు. కర్ర కొస కదలడం నా కంటికి కనిపించలేదు. ఆమె ఊపిరి మెల్లగా ఆడుతోంది. నిద్రపోయిందనుకున్నాను.

"పరక," అంది మెల్లగా. "చానా చిన్నది." ఆ తర్వాత కళ్లు తెరవకుండానే, "తేలికైనాదప్పా నీ చెయ్యి" అంది.

నేను ఆ పోగు పట్టుకునే గోడకు ఆనుకుని ఏడ్చాను. ఆ ఏడుపు కూడా ఆమె చేతికి తెలిసే ఉంటుంది. వానలు రాకముందే ఆమె పోయింది.

ఇప్పుడు నేను నేయడం మానేసి చాలా కాలమైంది. కానీ తెగే గుణమున్న దేనినైనా ముట్టుకునే ముందు, అది పోగైనా, పసిబిడ్డ చెయ్యైనా, కోపంగా ఉన్న మనిషి అయినా, ముందు నా భుజం వదులు చేసుకుంటాను. కదిరి సంతలో ఆ మేదరామెను ఒక తమలపాకు అడిగి తీసుకున్నాను. కొసకు కట్టి చూస్తే, మూడో వెదురు తల వంచింది. దాన్ని కొని బస్సెక్కి, ఎవరి భుజమూ తగలకుండా పైకెత్తి పట్టుకుని నిలబడ్డాను. కండక్టరు చూసి, ఏ చెరువులోనూ చుక్క నీళ్లు లేవు, గాలం కట్టె ఎందుకు పెద్దాయనా అని అడిగాడు.

"నీళ్లు వచ్చినప్పుడు వస్తాయిలేప్పా," అన్నాను. "అంతదాకా చెయ్యి మరిచిపోకుండా ఉండాల కదా."