వేడికి కదిలిన శ్రుతి

ఫిజీ రాజధాని సువాలో వాన ఆగని నెలల్లో బీరువాలో పెట్టిన బూట్లకు కూడా బూజు పడుతుంది. అలాంటి ఊళ్లో, ఇంటి వెనక గదిలో, నలభై దాటాక నేను మాడ్యులర్ సింథసైజర్ కట్టడం మొదలుపెట్టాను. టెలిఫోన్ పరికరాలు బాగుచేయడం నా ఉద్యోగం. టంకం వేయడం తెలుసు, సర్క్యూటు బొమ్మ చదవడం తెలుసు. సంగీతం ఏమీ తెలియదు. అది తెలియకుండానే ధ్వని చేయొచ్చన్న మాటే నన్ను ఆ గదిలోకి లాగింది.

ఈ వాద్యానికి హార్మోనియంలా మెట్లు ఉండవు. ఒక్కో పలక ఒక్కో పని చేస్తుంది. ఒకటి ధ్వని పుట్టిస్తుంది, ఒకటి దాని గరుకు తగ్గిస్తుంది, ఇంకొకటి ఎప్పుడు లేవాలో ఎప్పుడు అణగాలో చెబుతుంది. పలకల మధ్య చిన్న తీగలు గుచ్చి కలిపినప్పుడే అది పలుకుతుంది. ఏ తీగ ఎక్కడ పెట్టాలో మనమే కనుక్కోవాలి. మొదటి ఆరు నెలలు నాకు దక్కింది కరెంటు హోరు ఒక్కటే. కిట్లు విదేశాల నుంచి పోస్టులో వచ్చేవి. ఒకసారి పార్సిలు విప్పి చూసిన కస్టమ్స్ మనిషి అడిగాడు.

"ఇదేంటి భయ్యా, బాంబా?"

"బాజా."

"బాజా అయితే ఊదే చోటు ఎక్కడ?"

నా భార్య వాళ్ల అక్కతో ఫోనులో ఫిజీ హిందీలో నవ్వుతూ చెప్పేది: "అందరి మొగుళ్లూ యాంగోనా తాగి పాడైపోతారు. మావాడు తీగలు తాగి పాడైపోతున్నాడు." ఆ నవ్వు నాకు గుచ్చుకునేది. ఆమె పిలిచినప్పుడల్లా "వస్తున్నా" అనేవాణ్ణి. అన్నం చల్లారాక వెళ్లేవాణ్ణి. ఒక పలక పూర్తవగానే ఇంకో పలక కావాలనిపించేది. మూడేళ్లలో పెట్టె నిండింది. మహోగనీ చెక్కతో పెట్టె నేనే చేశాను. సముద్రపు గాలికి తీగలు దూర్చే రంధ్రాలు నల్లబడితే, ప్రతి ఆదివారం వాటిని ఒక్కొక్కటిగా తుడిచేవాణ్ణి. అంత శ్రద్ధగా ఆ ఇంట్లో మరే పనీ చేయలేదు.

ధ్వని పుట్టించే పలకలో ఒక ప్రత్యేకమైన రెసిస్టర్ ఉండాలి. గది వేడెక్కితే తనూ మారి, శ్రుతి కదలకుండా కాస్తుంది. నా కిట్‌లో అది రాలేదు. మళ్లీ తెప్పించడానికి నెలన్నర పడుతుందని మామూలు రెసిస్టర్ వేసేశాను. ఏసీ గదిలో బాగానే పలికింది. ఒక మధ్యాహ్నం ఏసీ ఆపి పరీక్షించాను కూడా. గంట తిరిగేసరికి శ్రుతి దాదాపు ఒక మెట్టు పైకి ఎక్కింది. తర్వాత మార్చుకుందాంలే అనుకున్నాను. జరిగినదంతా చెప్పే ముందు ఈ ఒక్క సంగతి స్పష్టంగా చెప్పాలి: నాకు తెలుసు.

మా పెద్దమ్మ, అంటే అమ్మకు అక్క, ఇంకో దీవిలో, లబాసా దగ్గర వాయిలేవులో ఉండేది. చెరకు రైతుల ఊరు. తెలుగు అక్షరాలు నేను సువాలో ఆదివారం తరగతుల్లో నేర్చుకున్నాను గానీ, తెలుగు మాట మాత్రం ఆవిడ వంటింట్లోనే నాకు అబ్బింది. అక్కడి గుడిలో భజన ఆవిడే నడిపేది; ఊళ్లో అందరికీ ఆవిడ ఆజీ, అంటే నాయనమ్మ. గిర్మిట్ మీద, అంటే కూలి ఒప్పందం మీద, వచ్చిన వాళ్ల అమ్మమ్మ కూలీల లైన్లలో పాడిన రాముడి పాటలు పద్నాలుగో పదిహేనో ఆవిడకు నోటికి వచ్చు. అవి ఎక్కడా రాసి లేవు. అర్థం తెలిసినవాళ్లు ఊళ్లో నలుగురో ఐదుగురో మిగిలారు. అయినా ఆవిడ ఎత్తుకుంటే, మాట తెలియనివాళ్లు కూడా వెనక పాడేవారు.

ఓ ఏడాది గుడి హార్మోనియంకు చెద పట్టింది. పెద్దమ్మ కొడుకు, నేను అన్న అని పిలిచే మనిషి, ఫోను చేసి ఆ మాట చెప్పాడు. రామనవమి దగ్గరపడింది. "నా మిషిన్ తెస్తా అన్నా, శ్రుతి అది ఇస్తాది," అన్నాను. అడిగినవాళ్లు ఎవరూ లేరు. మూడేళ్లుగా నవ్వులపాలైన పెట్టెను ఒక్కసారైనా పదిమంది ముందు పెట్టాలనిపించింది.

పెట్టెను దుప్పట్లలో చుట్టి పడవ ఎక్కించి, అక్కడి నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాను. పెద్దమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"అరే బేటా, ఇంత తార్, ఇన్ని తీగలు ఎందుకు? దీనికి కడుపు నొప్పి వస్తే ఏ డాక్టర్ చూస్తాడు?"

"నేనే చూస్తా పెద్దమ్మా."

"అచ్ఛా. ఆవాజ్ నిలబడతాదా? పాడేటప్పుడు నా గొంతు నేను వినను. పెట్టెనే వింటా. అది యాడికి పోతే నేను ఆడికి పోతా."

"నిలబడతాది," అన్నాను.

నవమి రోజు, గుడి రేకుల కప్పు కింద పొద్దున పది గంటలకు భజన మొదలైంది. ఆవిడకు సుఖమైన శ్రుతిలో పెట్టాను. గంభీరమైన, నిండైన నాదం. జనం తలలు తిప్పి చూశారు. మొదటి రెండు పాటలు హాయిగా సాగాయి. పదకొండున్నరకు రేకులు కాలుతున్నాయి. పలకల మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. శ్రుతి కొద్దికొద్దిగా పైకి పోతోంది. మెల్లగా పోతోంది కాబట్టి ఎవరికీ తెలియలేదు. పెద్దమ్మ చెవి దాన్ని వదలలేదు. అది ఎంత ఎక్కితే అంత ఆవిడా ఎక్కింది. మెడ నరాలు తేలడం చూశాను. నా వేలు శ్రుతి సరిచేసే నాబ్‌కు బెత్తెడు దూరంలో ఉంది. తిప్పితే అందరికీ తెలిసిపోతుంది. తిప్పలేదు.

ఆఖరున ఎప్పుడూ ఆవిడ పెద్ద పాట పాడేది. రాముడు పడవలో గంగ దాటే పాట. ఆ రోజు పై స్థాయికి వెళ్లే చోట గొంతు చీలింది. మళ్లీ ఎత్తుకుంది, మళ్లీ చీలింది. డోలక్ ఆగింది. గుడి కమిటీ మనిషి ఒకడు పక్క నుంచి అన్నాడు, "అయ్యో ఆజీ, బ్యాటరీ అయిపోయినాదా?" నవ్వులు వినిపించాయి, చెడ్డ నవ్వులేమీ కావు. ఆవిడ కూడా నవ్వింది. చీర కొంగుతో నోరు తుడుచుకుని, పాట మధ్యలోనే వదిలి కూర్చుంది.

తర్వాత జనం పెట్టె చుట్టూ మూగారు. "ఈ మిషిన్ అలిసిపోదు భయ్యా," అన్నాడు ఆ కమిటీ మనిషి. "బుడ్ఢీ అలిసినాది గానీ ఇది అలవలేదు." నేను నవ్వాను. ఆ మాటకు నేను నవ్వాను.

సాయంత్రం పెద్దమ్మ వసారాలో నా పక్కన కూర్చుని అడిగింది. "బేటా, నిజం చెప్పు. శ్రుతి జరిగినాదా? నాకు పైకి పైకి పోతా ఉన్నట్టు అనిపించినాది."

అప్పుడు చెప్పి ఉంటే సరిపోయేది. "నా మిషిన్ తప్పు" అన్న మూడు మాటలు. పొద్దుటి మెప్పు ఇంకా నా ఒంటి మీదే ఉంది. దాన్ని విప్పి పక్కన పెట్టలేకపోయాను.

"మిషిన్ ఎట్లా మారుతాది పెద్దమ్మా," అన్నాను.

ఆవిడ చెరకు తోట వైపు తిరిగింది. "అయితే నా కానే పోయినాది," అంది. కాన్ అంటే ఆవిడ మాటలో చెవి.

సువాకు తిరిగొచ్చాక ఆ రోజు చేసుకున్న రికార్డింగు విన్నాను. యంత్రం నుంచి నేరుగా తీగ లాగి చేసింది. అందులో ఆవిడ గొంతు లేదు, రెండు గంటల నాదం మాత్రమే ఉంది. మీటరు పెట్టి కొలిచాను. మొదటికీ చివరికీ రెండు మెట్ల తేడా. ఆ రాత్రే సరైన రెసిస్టర్‌కు ఆర్డరు పెట్టాను. ఫోను మాత్రం చేయలేదు.

నా తప్పు అక్కడితో ఆగి ఉంటే దాన్ని ఒక్క రోజు పిరికితనం అని చెప్పుకోగలిగేవాణ్ణి. ఆరేళ్లు సాగింది. పెట్టె రెండు పెట్టెలైంది. ఇప్పుడు ఎంత ఎండలోనైనా శ్రుతి వెంట్రుకవాసి కదలదు. ప్రతి ఏడూ వాయిలేవు వెళ్లేవాణ్ణి. పెద్దమ్మ గుడిలో వెనక వరుసలో కూర్చుని తాళం వేసేది. ముందు వరుసలోకి ఒక కీబోర్డు వచ్చింది, హిందీ భజనలు వచ్చాయి. తెలుగు పాటలు ఒక్కొక్కటిగా రాలిపోయాయి. గుడివాళ్లే మార్చుకున్నారని, కాలం అలాంటిదని నాకు నేను చెప్పుకున్నాను. ఓ మధ్యాహ్నం వేరు నూరి కలిపిన యాంగోనా గిన్నె దగ్గర అన్న కొబ్బరి చిప్ప నా చేతికిస్తూ అన్నాడు: "అమ్మ ఇంట్లో కూడా పాడదు రా. పొయ్యి కాడ కూడా. తప్పు స్వరం వస్తే దేవుడికి పాపం అంటాది." చిప్ప ఖాళీ చేసి ఆనవాయితీగా చప్పట్లు కొట్టాను. చెప్పడానికి ఇంకో ఏడాది తీసుకున్నాను.

ఆవిడ వసారాలో కూర్చుని పళ్లెంలో పప్పు ఏరుతోంది.

"పెద్దమ్మా, ఆ నవమి రోజు నీ గొంతు తప్పు కాదు."

"ఏ నవమి?"

"మిషిన్ పెట్టినాం కదా. శ్రుతి పైకి పోయినాది. నువ్వు దాని వెనకాలే పోయినావు. నీ చెవి బాగానే ఉండాది. నాకు ఆ రోజే తెలుసు. అంతకు ముందు నుంచే తెలుసు."

చేతులు ఆగాయి. "నేను అడిగినా కదా నిన్ను."

"అడిగినావు."

"ఏమన్నావు?"

"మిషిన్ మారదు అన్నా."

ఆవిడ కేకలేస్తుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. పళ్లెం పక్కన పెట్టి, "ఇన్నేండ్లు నా కాన్‌నే తిట్టుకున్నా," అంది. "నిన్ను తిట్టాలని తెలవలేదు."

తర్వాత గొంతు సవరించుకుంది. పడవలో గంగ దాటే పాటే ఎత్తుకుంది. మొదటి చరణం వచ్చింది, బొంగురుగా, కానీ శ్రుతిలో. రెండో చరణంలో సగం వచ్చింది. ఆగింది. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుని అక్కడికే వచ్చి ఆగింది.

"దీని తర్వాత ఎట్లా పోతాది? నీకు యాద్ ఉండాదా?"

చిన్నప్పటి నుంచి వందసార్లు విన్న పాట. నాకు ఒక్క మాటా గుర్తు రాలేదు.

"పోనీ," అంది ఆవిడ. పళ్లెం మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. కొంతసేపటికి తల ఎత్తకుండానే అంది: "గుడిలో చెప్పు. మైకులో చెప్పు. బుడ్ఢీ కాన్ పోలేదని అందరూ వినాల."

ఆ ఆదివారం పూజ అయ్యాక మైకు తీసుకున్నాను. తెలుగులో మొదలుపెట్టాను. ముందు వరుసలోనివాళ్లు మర్యాదగా, ఏమీ అర్థం కాకుండా చూస్తున్నారు. హిందీలోకి మారి మొత్తం చెప్పాను. రెసిస్టర్ సంగతి, శ్రుతి సంగతి, ఆవిడ అడిగితే నేను ఆడిన అబద్ధం. ఎక్కడో చంటిపిల్ల ఏడ్చింది. కీబోర్డు మనిషి గడియారం చూసుకున్నాడు. కమిటీ మనిషి, ఆ రోజు నవ్వినవాడే, వచ్చి నా భుజం తట్టాడు.

"అరే భయ్యా, ఆ డబ్బా సంగతా! ఎవరికి యాద్ ఉంది? ఆజీకి ఆ రోజు జలుబు అనుకున్నా నేను. మరుసటి రోజే మర్చిపోయినాం."

వెనక వరుసకు వెళ్లి పెద్దమ్మ పక్కన కూర్చున్నాను.

"చెప్పినా పెద్దమ్మా."

"విన్నా."

ముందు వరుసలోవాళ్లు తర్వాతి భజనకు శ్రుతి చూసుకుంటున్నారు.

"వాళ్లకు యాద్ లేదంట," అంది.

"అవును."

"నాకే ఉండినాది."

కీబోర్డు మొదలైంది, హిందీ పాట. ఆవిడ రెండు చేతులూ ఎత్తి తాళం అందుకుంది. ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. పాట అయ్యేదాకా ఆ మూసిన నోటినే చూస్తూ కూర్చున్నాను.